అన్నవాహిక సంకోచము: ఒక్క సంకేతము, పెక్కు కారణములు

కంఠము దిగువనుండి బయలుదేరి, రొమ్ములో గుండెకును వెన్నెముకకును నడుమ దిగి, ఉదరవితానములోని రంధ్రమును దాటి జఠరమును చేరు సుమారు 25 సెంటీమీటర్ల కండరనాళమునకు అన్నవాహిక యని పేరు. మనము మ్రింగిన కబళము దానిలో కేవలము బరువు చేత జారిపడుట లేదు. నాళపు గోడలలోని కండరములు ఒకదాని వెంట నొకటి ముడుచుకొని విచ్చుకొనుచు దానిని క్రమముగా క్రిందికి నెట్టుకొని పోవును గనుకనే పరుండియు నీరు త్రాగగలుగుచున్నాము. ఈ పని యంతయు మన ప్రయత్నము లేకయే జరిగిపోవుటచే, అన్నవాహిక యనునది యొకటి తన దేహములో నున్నదన్న స్మరణయే ఆరోగ్యవంతునకు కలుగదు. అది ఇరుకైన నాడు మాత్రము దానిని మించిన చింత మరొకటి ఉండదు. విస్తరి ముందు కూర్చుండుట యను నిత్యసుఖము నిత్యభయముగా మారును.

స్వస్థదశలో ఈ మార్గము 2 సెంటీమీటర్లకు పైగా సాగగలదు. అది 13 మిల్లీమీటర్లకు లోబడి సన్నగిల్లినచో ఘనాహారము అడ్డుపడక తప్పదని అమెరికాలోని రేడియాలజిస్టు రిచర్డ్ షాట్జ్కీ తెలిపిన కొలత నేటికిని వైద్యుల నోట నున్నది. ఇరుకు సాధారణముగా ఒక్కనాటిలో రాదు. కావున రోగి తనకు తెలియకయే దానికి లొంగిపోవును. మొదట మాంసపు తునకయు జొన్నరొట్టెయు రొమ్ములో నిలిచినట్లు తోచును, వానిని మానివేయును. పిమ్మట ఇడ్లీని సాంబారులో నానబెట్టి తినును, ముద్ద ముద్దకు గ్రుక్కెడు నీరు త్రాగును, అన్నమును పెరుగుతో మెత్తగా పిసికి మ్రింగును, చివరకు జావకును మజ్జిగకును దిగును. నలుగురి నడుమ ముద్ద అడ్డుపడునేమో యను జంకుతో పెండ్లి భోజనములకు పోవుట మానును. ఇంటివారు అది వయస్సు వలన వచ్చినదనియో, గ్యాసు అనియో సరిపెట్టుకొందురు. ఇట్లు నెలలు గడచి, ఒంటిమీది బట్టలు వదులైన తరువాత గాని అతడు వైద్యుని గడప త్రొక్కడు. ఘనాహారముతో ఆరంభమై క్రమముగా ద్రవాహారమునకు ప్రాకిన కష్టము నాళము ఇరుకగుటకు గుర్తు. తొలినాటినుండియు అన్నమును నీరును సమానముగా అడ్డుపడుచున్నచో కండరముల నడకలో లోపము నూహించవలెను. అనుభవజ్ఞుడైన వైద్యుడు ఏ యంత్రమును తాకకముందే అడుగు ప్రశ్న యిదియే.

అటుపిమ్మట బేరియము త్రాగించి తీయు ఎక్స్‌రే, గొంతులోనికి కెమెరా గొట్టమును దింపి చూచు ఎండోస్కోపీ, ఇరుకు కనబడిన చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపు బయాప్సీ జరుగును. కనుగొన్నదానిని వైద్యుడు కేస్ షీటులో వ్రాయును. కోతపండ్లనుండి 36 సెంటీమీటర్ల దూరమున ఇరుకు గలదు, నునుపుగా నున్నది, ఎండోస్కోపు దానిని దాటలేదు, పై పొర ఎఱ్ఱబారి పుండ్లు పడినది, ముక్క తీసితిమి, బుడగతో వెడల్పు చేసితిమి. ఒక మనుష్యుని కొన్ని సంవత్సరముల బాధ ఇట్టి నాలుగైదు వాక్యములలోనికి ఒదుగును. అచ్చటితో కథ ముగిసినదని రోగి తలంచును గాని, అతనికి తెలియని మజిలీ యింకొకటి కలదు. ఆస్పత్రిలోని రికార్డుల విభాగమునందో, లేక ఆ ఆస్పత్రి అమెరికాలోనిదైనచో హైదరాబాదులోని యొక కార్యాలయమునందో కూర్చున్న కోడరు ఆ వాక్యములను చదివి, వానికి సాటిగా ఒక అక్షరమును మూడంకెలను వ్రాయును: కె 22.2. అన్నవాహిక సంకోచమునకు వైద్యలోకము నిర్ణయించిన సంకేతము అది. ఆ నాలుగు గుర్తులలో రోగి కథ ఎంత నిలుచునో, ఎంత జారిపోవునో, జారిపోయిన దానికి మూల్యము చెల్లించువారెవరో తెలుపుటయే ఈ వ్యాసపు ప్రయత్నము.

వ్యాధులకు సంకేతములు కట్టుట నేటి బీమా సంస్థల సృష్టియని పలువురు తలంచుచున్నారు. దాని పుట్టుక మరణముల లెక్కలో నున్నది. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశపు రిజిస్ట్రారు జనరల్ కార్యాలయములో గణాంకములు కూర్చిన విలియం ఫార్, ఒకే వ్యాధిని వైద్యులు మూడు నాలుగు పేర్లతో వ్రాయుచుండుట చేతను, ఒకే పేరును వేర్వేరు వ్యాధులకు వాడుచుండుట చేతను, ఏ ఊరిలో ఏ వ్యాధి ఎందరిని బలిగొనుచున్నదో తెలియరాకున్నదని మొఱపెట్టెను. 1853లో బ్రస్సెల్సు నగరమున కూడిన అంతర్జాతీయ గణాంక మహాసభ, సకల దేశములకును చెల్లు జాబితాను కూర్పుడని ఫార్‌ను, జెనీవా వైద్యుడు మార్క్ డెస్పిన్‌ను కోరెను. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టియాన్ చికాగో సమావేశమున సమర్పించిన జాబితాను పెక్కు దేశములు స్వీకరించినవి. 1948లో ఆరవ కూర్పుతో ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చినది; మరణములతో పాటు, బ్రతికియున్నవారి వ్యాధులకును అందులో చోటు దొరకెను. పదవ కూర్పు 1990లో ఆమోదము పొందెను. అమెరికా దానిని తన ఆస్పత్రుల అవసరములకు విస్తరించుకొని 2015 అక్టోబరు 1 నుండి అమలు చేసినది. అంతకు ముందు అచ్చట అన్నవాహిక సంకోచమునకు 530.3 అను సంఖ్య యుండెడిది.

ఫార్ కాలమునుండియు ఈ శాస్త్రములో ఒక చిక్కు గలదు. వ్యాధిని అది సోకిన అవయవమును బట్టి చేర్చవలెనా, దాని కారణమును బట్టి చేర్చవలెనా? ఫార్ రెండింటికిని చోటిచ్చెను: అంటువ్యాధులు ఒక చోట, దెబ్బలును హింసయు ఒక చోట, మిగిలిన స్థానికవ్యాధులు అవయవముల వరుసలో మరొక చోట. ఆ రాజీయే నేటి గ్రంథములోను కొనసాగుచున్నది. దాని ఫలితమును చూడదలచిన వానికి అన్నవాహిక సంకోచమును మించిన ఉదాహరణము దొరకుట కష్టము. దేహములో చోటు ఒక్కటే యయినను, కారణమును బట్టి ఆ యిరుకు గ్రంథములోని అయిదారు అధ్యాయములకు చెదరిపోవును.

పదవ కూర్పులో 'కె' అను అక్షరము జీర్ణావయవముల అధ్యాయమునకు గుర్తు. 22 అను సంఖ్య అన్నవాహికకు వచ్చు ఇతర వ్యాధుల వర్గము. చుక్క తరువాతి అంకె ఆ వర్గములోని ప్రత్యేక వ్యాధిని చెప్పును. తపాలా ఉద్యోగి ఉత్తరములను ఊరి పేరును బట్టి గూళ్ళలో వేయునట్లు, కోడరు రోగి వృత్తాంతమును ఈ సంకేతముల గూళ్ళలో చేర్చుచుండును. కె 22.2 అను గూటికి అన్నవాహిక అవరోధమని శీర్షిక; దాని క్రింద వెలుపలి ఒత్తిడి, బిగింపు, సన్నగిల్లుట, మచ్చకట్టి ఇరుకగుట అను నాలుగు స్థితులు ముద్రింపబడి యున్నవి. ఏండ్ల తరబడి జఠరామ్లము పైకి ఎగదన్ని పుండ్లు పడి, ఆ పుండ్లు మాని మచ్చగట్టుట చేత కలిగిన ఇరుకు ఇందులోనికే వచ్చును. క్యాన్సరు చికిత్సలో రొమ్మునకిచ్చిన రేడియేషను వలన కలిగినదియు, మాత్ర అన్నవాహికలో నిలిచిపోయి పుండు చేసినందున కలిగినదియు ఇచ్చటికే చేరును. (డాక్సీసైక్లిను వంటి మాత్రలను పడుకొనబోవు వేళ నీరు లేకుండ మ్రింగుట మన యిండ్లలో సర్వసామాన్యము, నిండు గ్లాసెడు నీటితో మ్రింగి, కొంతసేపు కూర్చుండి యుండుట మేలు.) కీళ్ళవాతజ్వరము వలన గుండె కవాటము చెడి, ఎడమ కర్ణిక ఉబ్బి వెనుకనున్న నాళమును నొక్కినను సంకేతము కె 22.2 కాగలదు. షాట్జ్కీ పేరుతో వ్యవహరింపబడు అన్నవాహిక అడుగు భాగపు పలుచని ఉంగరమునకును ఇదియే గూడు.

కారణములు ఇన్ని, గూడు ఒక్కటి. కె 22.2 అని మాత్రము చదివినవానికి దారి ఇరుకైనదని తెలియును గాని, ఎందువలన ఇరుకైనదో తెలియదు. అందుచేత మంచి కోడరు దానితో ఆగడు. ఆమ్లము ఎగదన్నుట వలన పొర వాచినదని వైద్యుడు వ్రాసియున్నచో కె 21.0 వర్గపు సంకేతమును, ఇయోసినోఫిల్ కణములు చేరి వాచినదని బయాప్సీ చెప్పినచో కె 20.0 సంకేతమును ప్రక్కన చేర్చును. రెండు సంకేతములు కలిసినప్పుడే రోగమునకు పుట్టుపూర్వోత్తరము లేర్పడును. ఒక్కదానితో సరిపెట్టినను బిల్లు చెల్లవచ్చును. కాని పది సంవత్సరముల తరువాత ఈ వ్యాధి ఎచ్చట, ఎందువలన పెరుగుచున్నదని శోధింపబూనిన వానికి ఆ రికార్డు మూగయై నిలుచును.

ఇక ఆ గూటిలోనికి రాకూడనివి కలవు. శిశువు పుట్టుకతోనే ఇరుకైన అన్నవాహికతో జన్మించినచో అది కె అధ్యాయమునకు చెందదు. పుట్టుకలోపముల అధ్యాయములోని క్యూ 39.3 దానికి స్థానము. కె 22.2 క్రిందనే ఈ నిషేధము ముద్రితమై యున్నది. కోడర్లు దీనిని 'ఎక్స్‌క్లూడ్స్ వన్' అందురు. ఒకే ఇరుకునకు ఆ రెండు సంకేతములను కలిపి వ్రాయరాదని దాని భావము. అన్నవాహికలో క్యాన్సరు పెరిగి దారి మూసినచో ముందు నిలువవలసినది సి 15, కణితి యున్న భాగమును తెలుపు ఉపసంఖ్యతో. ఇనుము కొరతతో రక్తహీనురాలైన స్త్రీకి గొంతు దిగువ పలుచని పొర యేర్పడి మ్రింగుట కష్టమగు వ్యాధి యొకటి గలదు; పుస్తకములలో దానిని ప్లమ్మర్-విన్సన్ లక్షణసముదాయ మందురు. దాని సంకేతము డి 50.1, అనగా జీర్ణావయవముల అధ్యాయములో కాక రక్తవ్యాధుల అధ్యాయములో. ఈ కూర్పునందు గొప్ప వివేకము గలదని నేను విశ్వసించుచున్నాను. రక్తహీనత విరివిగా నున్న మన దేశములో, మ్రింగలేకున్నానని వచ్చిన స్త్రీ గొంతును మాత్రము చూచి పంపివేయక ఆమె రక్తమును పరీక్షింపుడని ఆ చిన్న సంకేతము వైద్యుని హెచ్చరించుచున్నది. ఇనుము మాత్రలతోడనే పెక్కుమందికి ఉపశమనము కలుగును.

1674లో ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ వర్ణించిన రోగి యొకడున్నాడు. తిన్నదెల్ల జఠరమును చేరక వెనుకకు వచ్చుచుండగా, విల్లిస్ తిమింగలపు ఎముకతో సన్నని కడ్డీ చేయించి, చివర చిన్న స్పంజి కట్టి యిచ్చెను. ఆ రోగి పదునైదు సంవత్సరముల పాటు ప్రతి భోజనమునందును దానితో ఆహారమును తానే క్రిందికి త్రోసికొని బ్రతికెను. నేటి కోడరు ఆ వృత్తాంతమును చదివినచో కె 22.2 వ్రాయకూడదు. అచ్చట మచ్చ లేదు. జఠరద్వారమున నున్న కండరము సడలవలసిన వేళ సడలకుండుటయే దోషము. అకలేషియా యను ఆ వ్యాధికి కె 22.0 ప్రత్యేకముగా నున్నది. చికిత్సయును వేరు. మచ్చను సాగదీయు బుడగ 30 మిల్లీమీటర్ల లోపుది. అకలేషియా కండరమును చీల్చు బుడగ 30 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని యుండును. అమెరికా చికిత్సల జాబితాలో మొదటిదానికి 43249, రెండవదానికి 43233 అను వేర్వేరు సంఖ్యలుండుట ఇందువలననే.

హైదరాబాదు ప్రసక్తి పైన వచ్చినది. జీవశాస్త్రమో, ఫార్మసీయో, నర్సింగో చదివిన తెలుగు యువతీయువకులు వేలకొలది ఈ వృత్తిలో నున్నారు. అమీర్‌పేట వీధులలో మెడికల్ కోడింగు నేర్పెదమను బోర్డులు అందరును చూచినవే. కోడర్లకు పెట్టు సి.పి.సి. పరీక్ష గట్టెక్కి ఉద్యోగము సంపాదించిన అమ్మాయి ముందు తెరమీద అమెరికా రోగి 'చార్టు' తెరచుకొనును. పేరును ఊరును ఆమెకు అక్కరలేదు. ఎండోస్కోపీ నివేదికను పైనుండి క్రిందివరకు చదివి, ముందుగా అక్షరక్రమసూచికలో 'స్ట్రిక్చర్' అను పదమును, దాని క్రింద అవయవమును వెదకి, అచ్చట దొరకిన సంకేతమును నమ్మి ఊరకుండక, ట్యాబ్యులర్ జాబితాను తెరచి దాని క్రింది నిషేధములను సరిచూచుకొనును. తీగ వెంట డైలేటరును దించి వెడల్పు చేసిరా, బుడగతో చేసిరా యని చూచి 43248, 43249 లలో ఒకదానిని ఎన్నుకొనును. వ్యాధి సంకేతము చికిత్స సంకేతమునకు ఆధారముగా నిలువనిచో బీమా సంస్థ సొమ్ము నిరాకరించును. వారి వాడుకలో దానికి 'డినయల్' అని పేరు. నివేదికలో వెడల్పు చేసిన సంగతి యుండి ఇరుకు సంగతి లేకపోయినచో ఆమె ఊహించి వ్రాయుటకు వీలులేదు. వైద్యునకు 'క్వెరీ' పంపవలసినదే. తాను కంటితో చూడని రోగి యెడల ఆమెకు గల ధర్మమంతయు ఆ ప్రశ్నలో నున్నది. ఈ ఉద్యోగమును కేవలము సంఖ్యలు కొట్టు పనిగా చిన్నచూపు చూచువారు, వైద్యుడు వ్రాయుట మరచిన వాక్యమును గుర్తించుటకు ఎంత పరిజ్ఞానము కావలెనో గమనింపరు.

అనుమానము విషయములో నియమము మరియు సూక్ష్మమైనది. ఓ.పి.లో చూచిన వైద్యుడు 'ఇరుకు ఉండవచ్చును' అని మాత్రము వ్రాసినచో అమెరికా నిబంధనల ప్రకారము కె 22.2 వేయరాదు, మ్రింగుట కష్టము అను లక్షణమునకు గల ఆర్ 13.1 వర్గములోనిదే వేయవలెను. రోగి ఆస్పత్రిలో చేరి, విడుదల నాటికిని అదే అనుమానము నిలిచియున్నచో వ్యాధి యున్నట్లే సంకేతము వేయవచ్చును. ఓ.పి. రోగికి ఈ జాగ్రత్త యెందుకనగా, నిర్ధారణ కాని వ్యాధి ఒకసారి రికార్డుకెక్కిన పిమ్మట అది రోగిని ఏ బీమా కాగితములోను, ఏ ఆస్పత్రి ఫైలులోను వదలిపెట్టదు.

మిక్కిలి దుఃఖకరమైన కారణము దాహక ద్రవ్యములను మ్రింగుట. పాశ్చాత్య దేశములలో ఇది ఎక్కువగా క్షారముల వలన, మన దేశములో ఎక్కువగా మరుగుదొడ్లు కడుగు ఆమ్లముల వలన జరుగుచున్నది. ఆమ్లము గొంతు దిగిన నాడు మంటయు రక్తమును కనబడును. కొన్ని వారములకు పుండ్లు మానుచుండగా నాళము మచ్చగట్టి మూసికొనుట ఆరంభించును. బాధ తగ్గినదని ఇంటివారు సంతసించు వేళకు ఇరుకు మొదలగును. అట్టి రోగిని బలవంతముగా వాంతి చేయింపరాదు. లోనికి దిగునప్పుడు కాల్చిన ద్రవ్యము పైకి వచ్చునప్పుడు మరల కాల్చును. వెంటనే ఆస్పత్రికి తీసికొనిపోవలెను. అమెరికా గ్రంథము ప్రకారము ఆ తరువాత యేర్పడిన ఇరుకునకు మొదట కె 22.2, దాని వెంట ఆమ్లపు విషప్రభావమను టి 54.2, అన్నవాహిక కాలినదను టి 28.6, ఈ కడపటి రెండింటి చివర ఇది గతించిన గాయపు ఫలితమని తెలుపు 'ఎస్' అక్షరము వ్రాయుదురు. ఆమ్లపు సంకేతములోని ఆరవ స్థానమున ఒక్క అంకె ఉండును: 1 అనిన ప్రమాదము, 2 అనిన తనంతట తాను చేసికొన్నది, 3 అనిన పరులు చేసిన దౌర్జన్యము, 4 అనిన నిర్ణయింపజాలనిది. వైద్యుడు ఏమియు వ్రాయనిచో ప్రమాదముగానే లెక్కింపవలెనని నియమము.

ఆ ఒక్క అంకె మీద నా మనస్సు నిలిచిపోవుచున్నది. శీతలపానీయపు సీసాలో పోసి మూలనుంచిన ఆమ్లమును దాహముతో త్రాగిన పసివానికిని, బ్రతుకు భారమై త్రాగిన కోడలికిని అన్నవాహికలోని మచ్చ ఒక్కటే, బుడగతో చేయు చికిత్సయు ఒక్కటే. వారి భవిష్యత్తు మాత్రము ఒక్కటి కాదు. మొదటివాని ఇంట సీసా మారవలెను. రెండవ ఆమెకు గొంతు వెడల్పు చేసి యింటికి పంపిన మాత్రమున చికిత్స పూర్తి కాలేదు. ఆమె మాట వినువారు కావలెను, మానసిక వైద్యుని సాయము కావలెను (టెలి మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోను మాటలాడవచ్చును). కుటుంబపు పరువు కొరకు, పోలీసు కేసు భయముచేత, నిజము దాచి 'పొరపాటున త్రాగినది' అని చెప్పుటయు, ఆ మాటనే కాగితము మీద పెట్టుటయు మన సమాజములో అరుదు కాదు. అట్లు మారిన ఒక్క అంకె ఆమెకు రావలసిన సాయమును ఆమె గడప దాక రానీయదు.

లెక్కలు సరిగా వ్రాసినందున ఏమి సాధ్యమగునో తెలియవలెనన్నచో షెవాలియర్ జాక్సన్ చరిత్రను తెలిసికొనవలెను. 1865లో పిట్స్‌బర్గులో పుట్టి, ఫిలడెల్ఫియాలో ప్రసిద్ధుడైన ఈ కంఠవైద్యుడు అన్నవాహికలోనికి దించి చూచు గొట్టములను స్వయముగా రూపొందించి మెఱుగుపరచెను. ఆ కాలమున అమెరికా యిండ్లలో సబ్బు కాచుటకును, తూములు కడుగుటకును వాడు 'లై' అను కాస్టిక్ పదార్థము కిరాణా కొట్లలో, ఆహారపదార్థముల డబ్బాల వంటి డబ్బాలలో, హెచ్చరిక యేదియు లేక దొరకుచుండెడిది. పంచదార యనుకొని నోట వేసికొన్న పిల్లలు గొంతు మూసికొనిపోయి, అస్థిపంజరములై అతనిని చేరెడివారు. చుక్క నీరైనను దిగక వచ్చిన ఒక చిన్నబాలిక అన్నవాహికలో అడ్డుపడిన పదార్థమును అతడు తీసివేయగా, నర్సు అందించిన నీటిని ఆమె భయపడుచు కొంచెము చప్పరించి, అది తిరిగి రాక లోనికి దిగుట యెరిగి, మరికొంత త్రాగి, పిమ్మట గ్లాసును మెల్లగా ప్రక్కకు నెట్టి అతని చేతిని ముద్దు పెట్టుకొనెనని జాక్సన్ తన ఆత్మకథలో వ్రాసికొన్నాడు.

అతడు చికిత్సతో తృప్తి చెందలేదు. తన యొద్దకు వచ్చిన ప్రతి రోగి సంగతిని, మ్రింగిన వస్తువును, అది లోపలనున్న కాలమును, తీసిన విధమును శ్రద్ధగా నమోదు చేసెను. అతడు రోగుల గొంతులనుండి తీసిన రెండు వేలకు పైబడిన వస్తువులు నేటికిని ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియములో సొరుగులలో భద్రముగా నున్నవి. ఆ రికార్డులు చేతబట్టుకొని శాసనసభల గడపలెక్కి, తోటివైద్యులను కూడగట్టి, సంవత్సరముల తరబడి పోరాడిన ఫలితముగా 1927 మార్చిలో అధ్యక్షుడు కూలిడ్జ్ దాహకవిషముల చట్టముపై సంతకము చేసెను. ఆనాటినుండి అట్టి డబ్బాల మీద 'పాయిజన్' అను ముద్రయు, మ్రింగినచో చేయవలసిన చికిత్సయు అచ్చువేయుట నిర్బంధమైనది. ఇరుకును సాగదీయు వైద్యులు అప్పటికే పలువురు గలరు. ఇరుకునకు కారణమును వ్రాసిపెట్టి, ఆ వ్రాతను ప్రభుత్వము ముందుంచిన వాడగుటయే జాక్సన్ ఘనత. మన దేశములో 2013లో ఆమ్లదాడుల కేసున సుప్రీంకోర్టు, ఆమ్లము అమ్మువారు కొనువాని పేరును, గుర్తింపు పత్రమును, కొను ప్రయోజనమును రిజిస్టరులో వ్రాసికొనవలెనని ఆదేశించెను. అయినను రంగు సీసాలలో పోసి వీధులలో అమ్ము బాత్రూము యాసిడ్ సంగతి ప్రతి పట్టణవాసికిని తెలిసినదే.

మన ఆస్పత్రులలో సంకేతముల పని ఎట్లున్నది? పెద్ద ఆస్పత్రులలోని మెడికల్ రికార్డుల విభాగములు పదవ కూర్పు సంకేతములనే వాడుచున్నవి. మరణకారణ ధ్రువపత్రములను కూర్చు రిజిస్ట్రారు జనరల్ కార్యాలయమునకును అవియే ఆధారము. 2007లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకములలో చికిత్సల ప్యాకేజీలకు వేరు సంకేతములున్నవి. అవి ఏ చికిత్సకు సొమ్ము చెల్లవలెనో చెప్పును గాని రోగమూలమును చెప్పుట వాని పని కాదు. కావున భారమంతయు వైద్యుని వ్రాతపైననే పడుచున్నది. ఇరుకైన అన్నవాహికలో నిలిచిన ఆహారము ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియాతో ఒకడు మరణించినప్పుడు, ధ్రువపత్రములో 'గుండె ఆగినది' అని మాత్రము వ్రాసినచో, ఆ మరణమునకు మూలమైన ఇరుకును, ఇరుకునకు మూలమైన ఆమ్లమును దేశపు లెక్కలలోనుండి ఒక్క కలపుపోటుతో చెరిగిపోవును. ప్రతివాని గుండెయు కడపట ఆగునదే గదా.

2019లో ఆమోదము పొంది, 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన పదునొకండవ కూర్పులో ఈ లోపమునకు కొంత మందు కలదు. అందులో ఒక ప్రధాన సంకేతమునకు కారణమును, తీవ్రతను, స్థానమును తెలుపు ఇతర సంకేతములను గొలుసువలె తగిలింపవచ్చును. ఫార్ నాటి చిక్కునకు ఇది సరియైన మార్గమని నాకు తోచుచున్నది. అవయవము కొరకు కారణమును విడువనక్కరలేదు. కాని అమెరికా ఇంకను పదవ కూర్పులోనే యున్నది. దానిని స్వీకరించుటకే ఆ దేశమునకు, ఆమోదము నాటినుండి లెక్కించినచో, పాతిక సంవత్సరములు పట్టినది. పైగా వైద్యుడు వ్రాయని కారణమును ఏ గొలుసును పట్టియీయలేదు.

అందుచేత అన్నవాహిక ఇరుకైనదని తెలిసిన రోగి గాని, అతని బంధువులు గాని డిశ్చార్జి సమ్మరీ చేతికి వచ్చిన వెంటనే దానిని ఒక్కసారి చదివించుకొనుట అవసరము. అందులో ఇరుకు కోతపండ్లనుండి ఎన్ని సెంటీమీటర్ల దూరమున నున్నదో, ఎందువలన కలిగినదో, ముక్క తీసిరో లేదో, తీసినచో ఫలితమేమో, ఏ సాధనముతో ఎన్ని మిల్లీమీటర్ల వరకు వెడల్పు చేసిరో ఉండవలెను. లేనిచో వ్రాసియిమ్మని మర్యాదగా అడుగవచ్చును, ఏ వైద్యుడును దానికి కోపింపడు. మచ్చగట్టిన నాళము ఒక్క చికిత్సతో నిలువక మరల మరల ముడుచుకొనుట సాధారణము; కొందరికి నెలకొకసారి చొప్పున పెక్కు పర్యాయములు సాగదీయవలసి వచ్చును, ఆ పర్యాయములన్నిటను అదే ఆస్పత్రి, అదే వైద్యుడు దొరకకపోవచ్చును. గోడ చినుగకుండుటకై, డైలేటరునకు ఒక మోస్తరు ప్రతిఘటన తగిలిన పిమ్మట ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున మూడు అంచెలకు మించి ఒకే దినమున పెంచరాదని వైద్యులు పాటించు నియమ మొకటి గలదు. పోయినసారి 12 మిల్లీమీటర్ల వరకు సుఖముగా వెడల్పు చేసిరన్న వాక్యము చేతిలో నున్నచో, క్రొత్త వైద్యుడు మచ్చ ఎంత ముడుచుకొన్నదో పోల్చి చూచుకొని తన మొదటి డైలేటరును ఎంచుకొనును. అది లేనిచో అతి సన్ననిదానితో మరల తడవుచు ఆరంభింపవలసి వచ్చును.